తుడిచిన రేడియో

నాన్న రైల్వే టెలిఫోన్ల పనిలో ఉండేవారు. బిలాస్‌పూర్‌లో మా క్వార్టర్ ముందుగదిలో ఆయన సొంత హామ్ రేడియో ఉండేది. ప్రతి ఆదివారం పొద్దున వైజాగ్ నుంచి అన్నయ్య అందులో మాట్లాడేవాడు. లైసెన్సు వాళ్లిద్దరికే. నాన్న డ్యూటీకి వెళ్తే, ఆయన తర్వాత వినడానికని అమ్మ పక్కనున్న టేప్‌రికార్డర్ మీట నొక్కి వింటూ కూర్చునేది. మైకు మాత్రం చచ్చినా ముట్టేది కాదు. వినడానికి కూర్చునే ముందు రేడియోని పూజ సామానులా కొంగుతో తుడవాల్సిందే.

వాళ్లు మాట్లాడుకునే పద్ధతిలో గొంతుని మోసే అలని పంపరు, దానికి రెండు పక్కలా ఉండే గొంతులో ఒక పక్కనే పంపుతారు. ఆ అలని వినేవాళ్లే గుండీ తిప్పి కలుపుకోవాలి. గుండీ కాస్త జరిగిందా, మనిషి బాతులా కూస్తాడు.

చివరిసారి వచ్చినప్పుడు అన్నయ్య పెళ్లి మాట మీద అమ్మతో గొడవపడి, అన్నం తినకుండా రైలెక్కాడు. ఆ తర్వాతి ఆదివారం నాన్న డ్యూటీలో ఉన్నారు. అమ్మ తుడిచింది, గుండీ జరిగింది, సరిచేయడం ఆమెకి రాదు, టేపు నిండా బాతు కూతలే. ఆ వారంలోనే అన్నయ్య లారీ కింద పడి చనిపోయాడు.

"నేనే తుడిచీసినాను. ఆడేటన్నాడో! నా మీద కోపం పోయిందో, నేదో!" ఏళ్లు గడిచినా అమ్మది అదే మాట. టేపుకి తిప్పడానికి గుండీ ఉండదు కదా.

నేను ఇంజినీరింగుకి వచ్చేసరికి కాలేజీలో కంప్యూటర్లు వచ్చాయి. ఆ టేపులోని గొంతుని కంప్యూటర్లో అంకెలు చేశాను. దానికి పావు చుట్టు వెనకబడిన జోడీని తయారుచేసి, రెండింటినీ రెండు అలలతో గుణించి కలిపాను. అక్కర్లేని పక్క కొట్టుకుపోయింది, గొంతు తన చోటికి దిగింది. మొదటి మాట తెలియగానే ఆపేశాను, మిగతాది అమ్మతోనే విందామని. నా తెలివికి మురిసిపోతూ, సరిచేసిన గొంతు ఎక్కించిన క్యాసెట్టుతో ఇంటికి పరిగెత్తాను.

అచ్చం అన్నయ్యే.

"నాన్నా, ఇనబడతందా? డ్యూటీకెళ్లిపోనారా? అయితే అమ్మా, నువ్వే ఉంటావు. నా మీద కోపం పోయిందా? లైసెన్సు నేకపోతే ఏటి, ఒక్కసారి మైకు నొక్కి ఊఁ అనమ్మా."

తర్వాత ఉత్త గరగర. అన్నయ్య ఎదురుచూస్తున్నాడు, అమ్మ ఊఁ అంటుందేమోనని.

"అచ్ఛా. ఇంకా కోపమేనన్నమాట. సరే అమ్మా."

నా చదువు మీద నాకే మండిపోయింది. బాతు కూతలే నయం.

అమ్మ ఏడవలేదు. "ఎనక్కి తిప్పమ్మా," అంది. తిప్పాను. గరగర మొదలవగానే టేప్‌రికార్డర్ మీదికి వంగి, "ఊఁ," అంది.

"అచ్ఛా. ఇంకా కోపమేనన్నమాట," అన్నాడు అన్నయ్య.