చాలా అంటే ఎంతక్కా?

పోయిన ఆదివారం మా బచేలి మైదానంలో వికలాంగ పిల్లలకు ఆటల పోటీలు పెట్టారు. రిటైరైన టీచరమ్మను ఊరికే కూర్చోబెట్టడం దేనికనుకున్నారో ఏమో, బంతి విసిరే పోటీలో కొలత టేపు ఒక కొస పట్టుకునే పని నాకు అప్పగించారు. కిష్టారం వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల, మోకాలి కింద కాలు లేదు, స్టూలు మీద కూర్చుని విసిరితే బంతి సున్నం గీత దాటి పక్కకు పడింది, ఎర్రజెండా లేచింది. నా వెనకున్నావిడ, పాపం, ఈ పిల్లకి కూడా ఫౌలేమిటండీ, పోనివ్వండి అని గట్టిగానే అనేసింది. ఆ పిల్ల చటుక్కున తిరిగి, "ఏంది పాపం? ఫౌలైతే ఫౌలే. మల్లేస్త, కొల్వుండ్రి" అంది. అందరూ నవ్వారు. నేను మాత్రం వంగి టేపు కొస మళ్ళీ గీత మీద పెట్టాను.

నాన్న బైలదిల్లా కొండ మీద ఇనప గనిలో పనిచేసేవారు. విజయనగరం వైపు నుంచి వచ్చి కంపెనీ క్వార్టర్స్‌లో కాపురం పెట్టిన వాళ్ళం, ఉతికి ఆరేసిన బట్టలు సాయంత్రానికి మళ్ళీ ఎర్రదుమ్ము కొట్టుకునేవి, అమ్మ కొండను రోజూ తిట్టేది. నా తర్వాత పుట్టిన చెల్లికి రెండేళ్ళు నిండకుండానే పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. కర్ర ఊని తిరిగీ తిరిగీ చేతులు మాత్రం ఉక్కులా తయారయ్యాయి. చెట్టు మీది ఏ చింతకాయ కావాలో వేలితో చూపిస్తే చాలు, రాయి పెట్టి అదే కొట్టేది, గడుగ్గాయి!

సాయంత్రాలు క్వార్టర్ల వెనక ఏడు పెంకులాట ఆడేవాళ్ళం. మీలో ఆడినవాళ్ళకు చెప్పక్కర్లేదు, పేర్చిన పెంకుల్ని బంతితో కూల్చి, దెబ్బ తగలకుండా మళ్ళీ పేర్చాలి. చెల్లి పరిగెత్తలేదు కాబట్టి దాన్ని ఆటలో అరటిపండు చేశాం. పక్క వరస హిందీ పిల్లలు దాన్నే కచ్చా నింబూ అనేవారు. ఏ భాషలోనైనా అర్థం ఒకటే, ఆటలో ఉంటుంది కానీ లెక్కలో ఉండదు, బంతి తగిలినా ఔట్ కాదు, పెంకులు కూల్చినా పాయింటు రాదు. అందరికంటే బాగా కూల్చేది అదే. నన్ను కూడా ఔట్ చెయ్యండే అని పోట్లాడేది. మేం ముద్దుగా నవ్వేవాళ్ళం. నిజం చెప్తున్నాను, అది ప్రేమే అనుకున్నాను.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఇదే మైదానంలో జరిగిన స్కూలు ఆటల పోటీల్లో బంతి విసరడానికి అది తనంతట తానే పేరిచ్చింది. నెల్లాళ్ళు పెరట్లో గుడ్డబంతి విసిరి విసిరి అమ్మ చేత తిట్లు తింది. నాకే భయం పట్టుకుంది. అంతమందిలో తూలి పడితే, అందరూ నవ్వితే? దాని పరువు కోసమని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను గానీ, అందులో నా పరువే ఎక్కువ. చాటుగా ఆటల మాస్టారి దగ్గరికి వెళ్ళి, మా చెల్లి సరదాకి విసురుతుంది సార్, అందరిదీ అయ్యాక విసరనివ్వండి, కొలవక్కర్లేదు అని చెప్పి వచ్చాను. మంచి అక్కవమ్మా అని ఆయన నా తల నిమిరారు.

పోటీ అయ్యాక, టేపు చుట్టేశాక, చెల్లిని పిలిచారు. కర్ర పక్కన పడేసి, ఒంటికాలి మీద నిలదొక్కుకుని విసిరింది. మైదానమంతా చప్పట్లే చప్పట్లు. ఎవరో బహుమతంటూ స్టీలు గ్లాసు తెచ్చి చేతిలో పెట్టారు. అది గ్లాసు వంక చూడనేలేదు, నా వైపే చూసి, "ఎంత పడిందక్కా?" అంది. చాలా దూరమే అన్నాను. "చాలా అంటే ఎంత?" అంది. నా కళ్ళు మాస్టారి చేతిలో చుట్టేసి ఉన్న టేపు మీదికి పోయాయి. అది చూసి దానికి అంతా అర్థమైపోయింది. ఆ గ్లాసుతో మా ఇంట్లో ఎవరూ నీళ్ళు తాగలేదు, చెల్లి మళ్ళీ బంతి ముట్టుకోలేదు.

తర్వాత కుట్టుపని నేర్చుకుంది, పెళ్ళి చేసుకుంది, నవ్వుతూనే బతికింది. కానీ కూర చాలా బాగుందే అన్నా, చీర చాలా బాగుందే అన్నా, చాలా అంటే ఎంతక్కా అనేది. ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వేవారు. నేను నవ్వలేకపోయేదాన్ని, అది నన్నే చూస్తూ ఉండేది. క్షమించవే అని ఒక్కసారైనా అడగలేకపోయాను. రెండేళ్ళ కిందట వానాకాలం జ్వరం దాన్ని తీసుకుపోయింది.

కిష్టారం పిల్ల రెండోసారి విసిరిన బంతి గీతల మధ్యే పడింది. సెంటీమీటర్లతో సహా చదివి చెప్పాను. "ఇంతేనా?" అని మూతి ముడుచుకుంది. బహుమతి రాలేదు, ఎవరూ ఓదార్చనూ లేదు, అది తర్వాతి పోటీకి పేరివ్వడానికి వెళ్ళిపోయింది. కాలం మారింది, మంచికే మారింది, నా చెల్లి దాకా రాకుండా మారింది.

అందరూ వెళ్ళాక టేపు పట్టుకుని, చెల్లి ఆనాడు నిలబడ్డ చోటు వెతుక్కుని ఒక కొస అక్కడ రాయి కింద పెట్టాను. రెండో కొస ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఆ రోజు నేను బంతిని చూడలేదు, ఎవరైనా నవ్వుతున్నారేమోనని జనాన్ని చూశాను.