చాయ్‌కి సాక

కెటిల్ మూతి నుంచి అల్లం చాయ్ ఆవిరి ముఖానికి కొడుతోంది. శామీర్‌పేటలో ఒక ఫంక్షన్ హాలు, పర్దా వెనక నేను. మీసం అంటించుకున్నాను, టోపీ పెట్టుకున్నాను, ఖాకీ చొక్కా అప్పుడే చెమటకు తడిసిపోయింది. ఇంకాసేపట్లో మా నాటకం. ఎన్నిసార్లు వేసినా ఈ వాసన తగలగానే హుషారు, గాభరా రెండూ ఒక్కసారే పుడతాయి. వాటి వెనకే ఎస్తేరు మేడం గుర్తొస్తుంది. స్టేజీ మీద వట్టి కప్పులు పెడితే ఆమెకు అస్సలు గిట్టేది కాదు. "ఉత్త కప్పు తాగితే గుటక పడదే పిల్లా, జనానికి తెలుస్తది. మంచిగ అల్లమేసి కాగబెట్టుండ్రి" అనేది.

సూరారంలో మందుల ఫ్యాక్టరీ, అందులో ప్యాకింగ్ సెక్షన్‌కు ఆమె సూపర్‌వైజర్. మనిషి పొట్టి. గొంతు మాత్రం చర్చిలో మైకు అక్కర్లేకుండా పాడే గొంతు. నేనేమో అదే సెక్షన్‌లో నోట్లో నాలుక లేనిదాన్ని. డబ్బాల మీద లేబుల్ వంకర పోతే కనిపెట్టేదాన్ని గానీ, ఆ మాట పక్కమనిషికి చెప్పాలంటే చెమటలు పట్టేవి. అలాంటి నన్ను లైన్ లీడర్‌ని చేయాలని మేడం పట్టు. నన్ను పక్కన నిలబెట్టుకునే మేనేజర్‌ని అడిగింది. ఆయన నవ్వాడు.

"యాదమ్మనా? ఆమె గొంతు ఎట్లుంటదో నేనింతవరకు వినలే."

"వార్షికోత్సవం నాడు వింటరు సార్" అంది మేడం. బయటికి రాగానే నా చేతిలో ఖాకీ టోపీ పెట్టింది.

"నాతోని గాదు మేడం."

"పని నీకు మస్తుగ తెలుసు. నోరు తెరువు, గంతే. అటెనక లైను నీదే."

నాటకం ఆమే రాసింది. మద్యనిషేధం రోజుల్లో మేడ్చల్ రోడ్డు మీద ఒక హోటల్. బయట బోర్డు మీద ఇడ్లీ, వడ, చాయ్. లోపల కెటిల్‌లో మందు. 'స్పెషల్ చాయ్' అంటే ఏమిటో ఊరందరికీ తెలుసు, ఆబ్కారీ ఇన్‌స్పెక్టర్‌కు తప్ప. ఆయన దాడికి వచ్చి నిజం చాయ్ తాగే పెద్దమనుషులను పట్టుకుంటాడు, తాగుబోతులేమో ఆయనకు సాక్ష్యం చెబుతారు. మగవేషాలన్నీ మా ఆడవాళ్ళవే. నేను ఇన్‌స్పెక్టర్‌ని, తాగుబోతు సాయిలు వేషం మేడంది. షిఫ్ట్ అయ్యాక క్యాంటీన్‌లో రిహార్సల్. ఆ చివరన చేతులు కడుక్కునే నల్లా దగ్గర నిలబడి, నేను నోరు తెరిచినప్పుడల్లా ఆమె అరిచేది ఒక్కటే మాట: "ఇనొస్తలే!"

ఆ రోజు రానే వచ్చింది. షామియానా నిండా జనం, ముందు వరుసలో మేనేజర్. నేను లోపలికి దూకి "ఎవ్వరూ కదలొద్దు!" అని అరవాలి. దూకాను. అన్ని ముఖాలు ఒక్కసారి నావైపు తిరిగేసరికి నోరు పెగల్లేదు. వెనక నుంచి ఎవరో ఈల వేశారు. మేనేజర్ ఫోన్ తీసుకుని చూసుకోవడం మొదలుపెట్టాడు. అయిపోయింది, ఇక జన్మంతా లేబుళ్ళు అతికించుకుంటూ బతకడమే అనుకున్నాను.

లుంగీ కట్టి, తువ్వాలు చుట్టుకుని నడిమి టేబుల్ దగ్గర కూర్చున్న మేడం నన్ను చూసింది. తొందరేం లేకుండా కప్పు ఎత్తింది. ఉంగరపు వేలు అందులో ముంచి, కళ్ళు మూసుకుని, నేల మీద రెండు చుక్కలు చిలకరించింది. ఆ తర్వాతే తాగింది.

మా దగ్గర కల్లయినా సారా అయినా ముందు అమ్మవారికి రెండు చుక్కలు వేసి తాగుతారు. దాన్నే సాక పోయడం అంటాం. చాయ్‌కి సాక పోసేవాడు మాత్రం ఎక్కడా లేడు. రాసిన నాటకంలో ఇది లేనే లేదు. సాక పోయనిదే కల్లు ముట్టని మా తాత గుర్తొచ్చి నాకు ఫక్కున నవ్వొచ్చింది. ఆ నవ్వుతోపాటే గొంతూ వచ్చింది.

"ఏయ్ సాయిలూ! చాయ్‌కి సాక వోస్తున్నవేందిరా?"

షామియానా ఎగిరిపోయేంత నవ్వు! మేడం లేచి చేతులు జోడించింది. "మా అమ్మోరికి గూడ చాయే ఇష్టం సార్!"

"గట్లనా? మరి షక్కరెంత ఎయ్యాల్నో అడిగినవా?"

ఆ మాట ఎక్కడి నుంచి ఊడిపడిందో నాకే తెలియదు. ఇక నన్ను ఆపేవాళ్ళు లేరు. మీసం ఊడితే చేత్తో పట్టుకుని మరీ సాయిలును టేబుళ్ళ చుట్టూ ఉరికించాను. మేనేజర్ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంటున్నాడు. మర్నాడు లైను నాదైంది.

నాటకం అయ్యాక ఇద్దరం కప్పులు కడుగుతున్నాం. "మీరు మందు వాసన గూడ చూడరు గద మేడం, సాక సంగతి మీకెట్ల ఎరుక?" అని అడిగాను.

"సాయిలంటే మా నాయినే పిల్లా. నిషేధం రోజులల్ల హోటల్‌ల జూసి రమ్మని మా అమ్మ నన్ను తోలేది. 'చాయ్ తాగుతున్న బిడ్డా' అనేటోడు. నేను ఆయన వేలు జూసేదాన్ని. వేలు కప్పుల మునిగిందంటే ఆ దినం ఇంట్ల లొల్లే, బువ్వ లేదు." కప్పు బోర్లించి నవ్వింది. "అప్పుడు మస్తు ఏడ్చిన. ఇయ్యాల గింతమంది నవ్విండ్రు. సాలు. కడుగు జల్దీ."

నాకు ఏడుపు ఆగలేదు. నాటకమంతా రాసినా ఆ వేలి సంగతి మాత్రం ఆమె దాచుకుంది. నా నోరు తెరిపించడానికి దాన్ని అందరి ముందూ బయటపెట్టింది. నాకోసం అంతపని చేసినవాళ్ళు ఇంకెవరూ లేరు.

యాభై నిండకుండానే, పోయిన వానాకాలం, జబ్బు చేసి ఆమె పోయింది. ఇప్పుడు సెక్షన్‌కు నేనే సూపర్‌వైజర్‌ని, నాటకానికీ నేనే పెద్దని. సాయిలు వేషం మరో పిల్ల వేస్తోంది. మొదటి గంట కొట్టారు. కెటిల్ నుంచి ఒక కప్పు పోసుకుని, ఉంగరపు వేలు ముంచి, నేల మీద రెండు చుక్కలు చిలకరించాను. ఆమె ఉంటే నెత్తి మీద ఒక్కటి మొట్టేది, "ప్రార్థన చేసుకునేదాన్ని, నాకు సాకేందే" అని.

"చాయే గద మేడం, ఏం గాదు తియ్యి!" అన్నాను.

మెల్లగానే అన్నాననుకున్నాను. పర్దా అవతల హాలు హాలంతా గొల్లున నవ్వింది.