సిస్టరమ్మ గ్లాసులు

ఆ రోజుల్లో నాకు రెండు ఉద్యోగాలుండేవి. ఒకటి దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లలకి లెక్కలు చెప్పడం, రెండోది భూగోళాన్ని కాపాడటం. మొదటిదానికి జీతం ఇచ్చేవారు. రెండోది ఎవరూ అప్పగించకుండానే నేను తలకెత్తుకున్నాను. మా కోచింగ్ సెంటర్ కింద ఒక టీ కొట్టు, దాని పక్కన నీలం డ్రమ్ము, డ్రమ్ము నిండా పేపర్ కప్పులు, డ్రమ్ములో పట్టని కప్పులన్నీ డ్రమ్ము చుట్టూ ఉండేవి. రెండు గుక్కల టీ కోసం ఇంత చెత్తా అని ఒకరోజు కడుపు తరుక్కుపోయి, మర్నాటి నుంచి ఇంట్లోంచి స్టీలు గ్లాసు సంచిలో వేసుకుని వెళ్ళడం మొదలుపెట్టాను. టీ కొట్టు భాయ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పేపర్ కప్పు ఒకటి తీసి, దాన్నిండా టీ పోసి, ఆ టీని నా గ్లాసులోకి వంపి, కప్పుని డ్రమ్ములో పడేశాడు. "అదేంటి భాయ్?" అన్నాను. "కొలత సార్. మీ గ్లాస్ పెద్దగున్నది, ఎంత పొయ్యాల్నో ఎట్ల తెల్వాలె?" అన్నాడు. లెక్కల మాస్టార్ని, కొలతని కాదనలేకపోయాను. పిల్లలు మాత్రం నాకు 'గ్లాసు సార్' అని పేరు పెట్టారు. నేను దాన్ని బిరుదుగానే స్వీకరించాను.

అలాంటి సమయంలో మా అక్కకి సంబంధం కుదిరింది. నిశ్చితార్థం ఎల్బీ నగర్‌లో మా ఇంటి డాబా మీదే, శుక్రవారం పొద్దున. భోజనాలకి అరిటాకులు వంటాయన తెస్తానన్నాడు కాబట్టి నాకు అభ్యంతరం లేకపోయింది. కానీ మంచినీళ్ళకీ, బాదం పాలకీ, కాఫీకీ అని నాన్న డిస్పోజబుల్ గ్లాసుల కట్టలు చంకలో పెట్టుకుని వచ్చేసరికి నేను మెట్ల మీదే అడ్డం నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాను. నాన్న చివరిదాకా విని (బరువు దింపుకునే దారి లేక), "ఒరేయ్, వాళ్ళింట్లో ముగ్గురన్నదమ్ములు, వాళ్ళ పెళ్ళాలు, పిల్లలు, అందరూ వస్తున్నారు. అంతమందికి గ్లాసులు ఎక్కణ్ణించి తెస్తావు?" అన్నాడు. "తెస్తాను" అన్నాను. ఎక్కణ్ణించో నాకూ అప్పటికి తెలియదు.

ఎదురింట్లో సిస్టరమ్మ ఉండేది. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి, సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరయిన మనిషి. వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా ఆవిడే దిక్కు, అందుకని పెద్దా చిన్నా అందరికీ సిస్టరమ్మే. వాళ్ళ చర్చి ఆడవాళ్ళ సంఘానికి చెందిన స్టీలు గ్లాసులు ఆవిడ మంచం కింద ట్రంకుపెట్టెలో ఉంటాయని అమ్మ చెప్పింది. వెళ్ళి అడిగాను. ఆవిడ పెట్టె బయటికి లాగి, ఒక్కో గ్లాసూ తీసి చూపించింది. ప్రతి గ్లాసు మీదా చుక్కలతో ఒక పేరు కొట్టించి ఉంది. సంఘం పెట్టినప్పుడు ఎవరికి వాళ్ళు తమ పేరు కొట్టించి ఇచ్చిన గ్లాసులట. "మా దగ్గర ఎవరి గ్లాసు వాల్లదే బిడ్డా. సచ్చిపోయినోల్ల గ్లాసులు గూడ ఉన్నయి. వాల్ల బిడ్డలొచ్చి అండ్లనే తాగుతరు. ఇగో, ఇది మా అమ్మది" అని ఒకటి కిటికీ వైపు తిప్పింది. శాంతమ్మ అని ఉంది. "ఈ ఆదివారం చర్చిల అందరం కలిసి తినే ప్రేమవిందు ఉన్నది. ఎవరికిచ్చినా నా పూచీ మీదనే ఇయ్యమన్నది పాస్టరమ్మ. ఒక్కటి గూడ పోవద్దు మల్ల" అంది. "ప్రాణం పెట్టి చూసుకుంటాను సిస్టరమ్మా" అన్నాను. "పానం నీ దగ్గర్నే ఉంచుకో బిడ్డా, గ్లాసులు తెచ్చియ్యి" అంది.

గ్లాసులు ఇంటికి చేరాయి కానీ నాకు కొత్త బెంగ పట్టుకుంది. ఫంక్షన్లలో మనవాళ్ళ సంగతి మీకు తెలుసు. ఒక గ్లాసుతో మంచినీళ్ళు సగం తాగి కుర్చీ కింద పెడతారు, బాదం పాలకి ఇంకో గ్లాసు, కాఫీకి మరొకటి, మధ్యలో 'ఇది నాదేనా?' అని అనుమానం వస్తే ఇంకొకటి. ఆ లెక్కన అందరికీ చాలవు. రాత్రి పడుకోబోయే ముందు నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. కోచింగ్ సెంటర్‌లో జవాబు పత్రాల మీద అంటించే తెల్ల స్టిక్కర్లున్నాయి. వాటి మీద ఒక్కొక్క అతిథి పేరూ రాసి గ్లాసుకి అంటిస్తే, ఎవరి గ్లాసు వాళ్ళు ఫంక్షన్ అయ్యేదాకా పట్టుకు తిరుగుతారు! మగపెళ్ళివారి పేర్లు అక్క ద్వారా కాబోయే బావని అడిగి తెప్పించాను. నా దస్తూరీ బాగుంటుంది. పేరు చివర 'గారు' కూడా చేర్చాను. అంటించేటప్పుడు ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నాను. ఒకే గ్లాసు మీద రెండు పేర్లుంటే గందరగోళం కదా, అందుకని చుక్కల పేరు మీద సరిగ్గా కప్పేలా స్టిక్కరు అంటించాను. ఇంత ముందుచూపు మన ఇంట్లో ఇంకెవరికీ లేదే అని నాలో నేను మురిసిపోయాను కూడా.

శుక్రవారం మెట్ల పైన నిలబడి వచ్చినవాళ్ళకి వచ్చినట్టు ఎవరి గ్లాసు వాళ్ళకి అందించాను. మగపెళ్ళివారు మూసారాంబాగ్ నుంచి వచ్చారు. అన్నదమ్ములు ముగ్గురూ ఒకే భవనంలో మూడంతస్తుల్లో ఉంటారు. అక్కకి కాబోయే అత్తగారు తన పేరు చదువుకుని, "అమ్మాయ్, ఇది చూశావా, గారు అని కూడా రాశారు!" అని తోటికోడలికి చూపించింది. పిల్లలు తమ పేర్లు చూసుకుని గంతులేశారు. వాళ్ళ మామ్మగారు మాత్రం గ్లాసు ఒకసారి చుట్టూ తిప్పి చూసి బాదం పాలు తాగారు. నేను డాబా అంతా కలయజూశాను. కుర్చీల కింద ఒక్క గ్లాసు లేదు. అందరి చేతుల్లోనూ గ్లాసులే. నాన్న వైపు చూసి కళ్ళెగరేశాను. ఆయన పట్టించుకోలేదు.

తాంబూలాలు పుచ్చుకోవడం అయ్యాక, ఆడవాళ్ళకి అమ్మ బొట్టు పెట్టి, పండూ తాంబూలమూ జాకెట్టు ముక్కా కవర్లో పెట్టి ఇచ్చింది (ఆ కవర్ల మీదా యుద్ధం చేశాను, ఓడిపోయాను). నేను గేటు దగ్గర నిలబడి వినయంగా కవర్లు అందుకుని కార్లలో పెట్టాను. కవర్లు కొంచెం గలగలమన్నాయి. గలగలమంటే శుభమే కదా అనుకున్నాను.

మధ్యాహ్నం డాబా మీద చూస్తే వంటాయన గిన్నెలు, మా అరిటాకులు, నేను. గ్లాసులు లేవు. ఇంకా 'ఎవరైనా కిందికి తెచ్చారేమో' అని నేను మెట్లు దిగుతూ ఎక్కుతూ ఉండగానే అత్తగారి ఫోను వచ్చింది. అమ్మ స్పీకర్లో పెట్టింది. "వదినగారూ, ఏమో అనుకున్నాం గానీ మీ మర్యాదే మర్యాద! ఎవరి పేరుతో వాళ్ళకి గ్లాసులు పెట్టడం ఎక్కడా చూళ్ళేదండీ. ఎవరి ఆలోచన?" అమ్మ మొహం వెలిగిపోయింది. "మావాడిదేనండి" అంది. ఫోను పెట్టేశాక నా మొహం చూసి అమ్మ మొహం మారింది.

తప్పు వాళ్ళది కాదు. మన ఆడవాళ్ళకి తాంబూలంతో పాటు ఏదో ఒక స్టీలు వస్తువు పుచ్చుకోవడం పుట్టినప్పటి నుంచీ అలవాటు. గిన్నె అయినా డబ్బా అయినా, దాని మీద తన పేరు కూడా ఉంటే ఇంక అది తనది కాకుండా పోయేదెలా? మా వైపు చుట్టాలూ పట్టుకెళ్ళారు కానీ, వాళ్ళకి అమ్మ ఫోన్ చేసి, "ఏమే, గ్లాసు తెచ్చి ఇస్తావా, నన్ను రమ్మంటావా" అని సాయంత్రానికల్లా రాబట్టింది. మగపెళ్ళివారి దగ్గర ఆ భాష పనికిరాదు. "ఇచ్చిన తాంబూలం వెనక్కి అడుగుతామా? పరువేం కాను?" అంది అమ్మ. "మా అత్తగారి చేతిలోంచి ఆ గ్లాసు లాక్కున్నావో, నీకూ నాకూ ఇక మాటల్లేవు" అంది అక్క. అంతలో అమ్మకే ఇంకోటి తట్టింది. "ఒరేయ్, కడిగితే స్టిక్కరు ఊడుతుంది కదరా! ఊడితే కింద ఇంకొకళ్ళ పేరు! ఎవరివో వాడేసిన గ్లాసులు అంటగట్టామనుకోరూ?" నాన్న పేపర్లోంచి తలెత్తకుండా, "డిస్పోజబుల్ గ్లాసైతే ఎవడూ పట్టుకుపోడు. దాని గొప్పతనం అదే" అన్నాడు.

ఎదురింటి అరుగు మీద సిస్టరమ్మ కూర్చుని నన్ను చూసి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

శనివారం పొద్దున్నే మెట్రో ఎక్కి మూసారాంబాగ్‌లో దిగాను. వాళ్ళ మెట్లెక్కేదాకా ఏం చెప్పాలో తెలియదు. తలుపు తీసిన అత్తగారి నవ్వు చూసేసరికి నా నోటికి అబద్ధం దానంతటదే వచ్చింది. "అత్తయ్యగారూ, ఆ స్టిక్కర్లు ఊడిపోతాయండీ. అసలు పేర్లు కొట్టించే ఇద్దామనుకున్నాం, షాపువాడు టైముకి కుదరదన్నాడు. ఇప్పుడు పట్టుకెళ్ళి శాశ్వతంగా కొట్టించి తెస్తాను." ఆవిడ ఆనందానికి అంతులేదు. "పనమ్మాయి ఇంకా రాలేదు, అలాగే ఉన్నాయి నాయనా" అని సింకులోవి సింకులోనే ఏరి ఇచ్చింది. మూడంతస్తుల వాళ్ళూ గ్లాసులు పట్టుకుని దిగి వచ్చారు. దిగి వచ్చినవాళ్ళు ఊరికే రాలేదు. "ఇంటిపేరు కూడా వేయించు బాబూ" అన్నారొకరు. "మా ఆడపడుచు నిన్న రాలేకపోయింది, ఆవిడకీ ఒకటి" అన్నారు మరొకరు. నేను అన్నిటికీ తలాడించాను. ఆ ఊపులో ఆస్తి రాసిమ్మన్నా తలాడించేవాణ్ణి.

అన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప. మామ్మగారిది రాలేదు. ఆవిడ పెరటి వైపు బాల్కనీలో కూర్చుని కాఫీ తాగుతున్నారు, ఆ గ్లాసులోనే. కడిగేసిన గ్లాసు. స్టిక్కరు లేదు. "అబ్బాయ్, ఇలా రా" అన్నారు. వెళ్ళాను. "నా పేరు శాంతమ్మ ఎప్పటినుంచి అయింది?" అన్నారు. అన్ని గ్లాసులుండగా ఆవిడకి చేరింది అదే. ఇంక అబద్ధం ఆడే ఓపిక లేక, ఆవిడ కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని టీ కొట్టు దగ్గర్నుంచి మొత్తం చెప్పేశాను. ఆవిడ కాఫీ పూర్తి చేసి, గ్లాసు కడిగి, పైట కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టారు. "ఆవిడ వాళ్ళమ్మది నేను తాగేశానే! పోన్లే, శుభ్రంగా కడిగానని చెప్పు. మా కోడలితో అనకు, దానికి లేనిపోని మర్యాదలెక్కువ. నాకు మాత్రం కొత్తది నిజంగా తెచ్చిపెట్టు" అన్నారు. నేను ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాను. అది మర్యాదకి పెట్టింది కాదు.

ఇంటికొచ్చి స్టిక్కర్లన్నీ పీకి, గ్లాసులు కడిగి, మధ్యాహ్నం సిస్టరమ్మ ముందు మూట విప్పాను. ఆవిడ ఒక్కో గ్లాసూ తీసి పేరు పైకి చదివి పెట్టెలో పెట్టుకుంది. అన్నీ ఉన్నాయి. నేను ఊపిరి పీల్చుకునేలోపే, శాంతమ్మ గ్లాసు మీద బొటనవేలితో రుద్ది, "ఏంది బిడ్డా, జిగురున్నది?" అంది. చెప్పాను. ఆవిడ ఆ గ్లాసు ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత, "పేరు మీద పేరు అంటిస్తరా బిడ్డా ఎవరన్న?" అంది, అంతే. గట్టిగా తిట్టినా బాగుండేది. కొబ్బరినూనె అడిగి తెచ్చుకుని, అరుగు మీద కూర్చుని ఒక్కో గ్లాసుకీ జిగురు వదిలించాను. చివర్లో ఆవిడే జాలిపడి ఆదివారం విందుకి రమ్మంది. వెళ్ళాను. ఎవరి గ్లాసు వాళ్ళు వెతుక్కుని తీసుకుని నీళ్ళు తాగారు. నాకు పేపర్ కప్పులో ఇచ్చారు. నా పేరుతో అక్కడ గ్లాసు లేదు కదా.

ఇక చెప్పిన మాట ప్రకారం మగపెళ్ళివారికి గ్లాసులు కొనాలి. దిల్‌సుఖ్‌నగర్ స్టీలు కొట్లో ఒక్కో గ్లాసూ ఒక ప్లాస్టిక్ కవర్లో, ఆ కవరు ఒక అట్టపెట్టెలో, ఆ పెట్టెలు ఒక పెద్ద పెట్టెలో, దాని చుట్టూ ప్లాస్టిక్ పట్టీ. పేర్లు కొట్టడానికి అన్నీ విప్పాల్సి వచ్చింది. కొట్టాక షాపాయన, "కొత్త కవర్లు ఏస్త సార్, గిఫ్ట్ గదా" అని మళ్ళీ అన్నిటికీ వేశాడు. ఆ నెల జీతం అలా స్టీలయింది. విప్పిన అట్టలూ కవర్లూ అన్నీ మా డాబా మీదికే చేరాయి. నాన్న ఆ గుట్టనీ, పక్కనే కట్ట విప్పని తన డిస్పోజబుల్ గ్లాసులనీ మార్చి మార్చి చూసి, ఏమీ అనకుండా కిందికి వెళ్ళిపోయాడు. ఆయన జీవితంలో నన్ను అంత కఠినంగా ఎప్పుడూ దండించలేదు.

అక్క పెళ్ళి బాగా జరిగింది. గ్లాసులన్నీ వాళ్ళ హాల్లో షోకేసులో, ఆ కవర్లలోనే ఉన్నాయి. "వాడితే గీతలు పడతాయి" అంటారు అత్తగారు. మామ్మగారు ఒక్కరే తనది రోజూ వాడారు, చివరిదాకా. ఇప్పుడావిడ లేరు. నేనూ ఇప్పుడు సంచిలో గ్లాసు వేసుకుని తిరగడం లేదు. ఇప్పుడు పనిచేసే ఆఫీసు కింద పేపర్ కప్పులోనే తాగి, డ్రమ్ము వైపు చూడకుండా వేసేసి లిఫ్ట్ ఎక్కుతాను. ఆ గ్లాసు సార్‌ని తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం బెంగా వేస్తుంది. అంత మూర్ఖంగా దేన్నయినా పట్టుకుని వేలాడే ఓపిక మళ్ళీ నాకు రాలేదు. మొన్న అక్కవాళ్ళింటికి వెళ్తే మామ్మగారి గ్లాసులో టీ పోసి ఇచ్చింది. పేరు సగం అరిగిపోయింది, 'గారు' మాత్రం మిగిలింది. దాన్ని చూస్తూ నెమ్మదిగా తాగుతుంటే, వంటింట్లోంచి అక్క, "తాగేసి అక్కడే పెట్టి పోకు, కడిగి బోర్లించు" అంది. లేచి, కడిగి బోర్లించాను.