మునిశేఖర్ క్యాడిలాక్

చిత్తూరులో కార్లకు రంగు కొట్టే మునిశేఖర్‌కు పదేళ్లుగా ఒకటే కోరిక. వెనక రెక్కలు లేచిన పాతకాలపు అమెరికా కారు, 1959 క్యాడిలాక్, రెజిన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో పోతపోసిన బొమ్మ కిట్టుగా తన చేతికి రావాలి. దాని ముక్కలు తానే అతికించి, రంగు తానే వేయాలి. చివరికి విదేశీ అమ్మకందారు ఒకాయన ఇండియాకు పంపడానికి ఒప్పుకున్నాడు. ఆరు వారాలకు పార్సిలు అతను రంగులు కొట్టే షెడ్డుకే వచ్చింది.

ముప్పై ఏళ్లు స్ప్రే గన్ను పట్టిన చేత్తో టేపు మెల్లగా కోశాడు. లోపల మీగడ రంగులో జానెడు కారు. చక్రాలు వేరుగా, బియ్యపు గింజంత తలుపు పిడులు వేరుగా ఉన్నాయి. ఆ రెక్కల అంచును వేలితో ఎన్నిసార్లు నిమిరాడో.

ఎమరీ పేపరుతో నునుపు చేసి, అడుగుపూతగా ప్రైమర్ కొట్టి మూడు రోజులైనా రంగు డబ్బా మాత్రం తెరవలేదు. అన్నం తెచ్చిన భార్య కోమలి అడిగింది.

"ఇంత ఆశపడి తెప్పించుకోని, ఊరికే సూస్తా కూసున్నావేంది?"

"ఏం రంగెయ్యాల్నో తేలడంల్యా. ఇన్నేండ్లు బండోళ్లు చెప్పిన రంగే కొట్టినాను. దీనికి చెప్పేవాళ్లు ఎవురుండారు?"

"ఈ బండి నీదే కదా. నువ్వే చెప్పు."

మునిశేఖర్ దిగ్గున లేచాడు. ఆకుపచ్చలో పసుపు చుక్కచుక్కగా కలుపుతూ, పండబారే తోతాపురి మామిడి రంగు వచ్చేదాకా ఆగలేదు. మొదటి పూత పడగానే రెక్కలు తళుక్కుమన్నాయి. కోమలి వేలు చాచబోతే చెయ్యి అడ్డుపెట్టాడు.

"ఆరనీ. రేపు తొలిగా నువ్వే ముట్టుకుందువు."