వీరేశం సేటు సొరపాదు

పొద్దు పొడవకముందే వీరేశం సేటు చేవెళ్ల నుంచి తన పాత స్కూటీ మీద ముడిమ్యాల పొలానికి వచ్చేవాడు. బండి దిగి, తూర్పుకు తిరిగి చేతులు జోడించి, పిట్టల కోసం పెట్టిన మట్టి చిప్పలో నీళ్లు మార్చి, ఆ తర్వాత కంచె దగ్గరికి నడిచేవాడు. కంచె మీద పాకిన సొరతీగకు కాసిన ఒక్కొక్క కాయనూ వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి వినేవాడు. జేబులోంచి దర్జీల టేపు తీసి దాని నడుము కొలిచేవాడు. చిన్న నోటుబుక్కులో ఏదో రాసుకునేవాడు. అంతసేపూ ఏదో ఒక భజన కూనిరాగంగా నడుస్తూనే ఉండేది.

కంచెకు ఇవతల క్యారెట్ మడికి నీళ్లు కడుతూ ప్రభాకర్ ఇదంతా చూసేవాడు. భజన అతని చెవికెక్కేది కాదు. అతనికి కనిపించేవి కంచె, టేపు, నోటుబుక్కు.

అతని అనుమానానికి కారణం లేకపోలేదు. ఎనిమిదేళ్ల కిందట పొలానికి పడమటి పక్కన ఒక ప్లాట్ల వెంచర్ పడింది. వాళ్లు ముందు గట్టు మీద పూలమొక్కలు నాటారు. చూడ ముచ్చటగా ఉన్నాయని ప్రభాకర్ తండ్రి తన మోటారు నీళ్లే వాటికి పోశాడు. మొక్కల వెనక రాతి కడీలు వచ్చాయి. కడీల వెనక గోడ వచ్చింది. గోడ లేచాక కొలిపిస్తే రెండు గుంటలు అవతలికి పోయి ఉన్నాయి. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి ఆ పెద్దాయన పడమటి దిక్కు చూడటమే మానేశాడు. ఆ దిగులుతోనే పోయాడు. తూర్పు గట్టున జానెడు నేల కూడా పోనివ్వనని దినకర్మ నాడే ప్రభాకర్ మనసులో గట్టిగా అనుకున్నాడు.

సరిగ్గా ఆ తూర్పు గట్టుకు ఆనుకుని పది గుంటలు కొనుక్కుని వీరేశం సేటు వచ్చాడు. ముప్పయ్యేళ్లు చేవెళ్ల బజార్లో కిరాణం నడిపిన మనిషి. ఉప్పూ పప్పూ తూచిన చేతికి మట్టితో ఏం పని? వచ్చినవాడు మక్కజొన్న వేయలేదు, టమాటా వేయలేదు. ఒక్క సొరపాదు పెట్టాడు. అది ఆషాఢంలో కంచె ఎక్కింది.

ఒకరోజు ఒక కాయ తెగి ఇటువైపు పడింది. ప్రభాకర్ తల్లి ప్రమీలమ్మ దేవుడిచ్చిన కూర అనుకుని వండింది. మొదటి ముద్ద నోట్లో పెట్టగానే లేచి వెళ్లి ఉమ్మేసింది. వేపాకు నమిలినా అంత చేదుండదని చెప్పి, గిన్నెడు కూరా పారబోసింది. ప్రభాకర్ ఆ మాట పట్టుకున్నాడు.

"తినే కాయైతే కాయ కోసమే అనుకుందుము అవ్వా. తినరాని కాయకు మన కంచె ఎందుకు?"

"అడుగరాదు మరి. నోరున్నది గద," అన్నది ప్రమీలమ్మ.

అతను అడగలేదు. అడిగితే అవతలి మనిషి జాగ్రత్త పడతాడని అతని లెక్క.

కాయ వీళ్ల పొయ్యి మీదికి పోయిన సంగతి సేటు చెవిన పడింది. మరునాడు నొచ్చుకుంటూ ఒక స్టీలు డబ్బా పట్టుకుని గడపలోకి వచ్చాడు. లోపల సర్వపిండి, ఇంకా వేడి తగ్గలేదు. నువ్వులు, కరివేపాకు, పల్లీలు దండిగా వేసి తనే చేశానని చెప్పాడు. ప్రమీలమ్మ నిలుచున్న చోటే రెండు ముక్కలు తిన్నది. డబ్బా ఉత్తగా పంపడం ఆ ఇంట్లో లేదు కనుక దాని నిండా క్యారెట్లు పెట్టి ఇచ్చింది. ఇక అప్పటినుంచి ఆ డబ్బా ఇటూ అటూ తిరుగుతూనే ఉంది. ఒకనాడు మక్క గారెలు, ఒకనాడు బెల్లం పోలెలు. పోలె విరిచి పెడుతూ అందులో యాలకులు ఎప్పుడు వేయాలో కూడా సేటు చెప్పేవాడు. ఆ చెప్పడంలో చిన్నపిల్లవాడు తను గెలిచిన గోలీలు చూపించినంత సంబరం ఉండేది.

ప్రభాకర్ తినేవాడు. తింటూనే, ఇదంతా ఎందుకు పెడుతున్నాడా అని ఆలోచించేవాడు. ఇవాళ కాకపోతే రేపు ఏదో ఒకటి అడుగుతాడని ఎదురుచూసేవాడు. సేటు ఏమీ అడిగేవాడు కాదు. అదే అతనికి మరీ భయంగా ఉండేది. ఒకసారి ట్రాక్టరు నడుపుతుంటే సేటు పాడే భజన తన నోటనే వస్తున్నదని తెలిసి, ఎవరైనా విన్నారేమోనని వెనక్కి తిరిగి చూశాడు.

చేవెళ్ల మార్కెట్‌లో క్యారెట్లు దింపిన రోజు, అవసరం లేకపోయినా చక్కెర కొనే నెపంతో సేటు దుకాణానికి వెళ్లాడు. ఇప్పుడది కొడుకు సాయిదీప్ చేతిలో ఉంది. కంప్యూటర్ బిల్లు, గాజు తలుపులు. మాటల్లో పెట్టి తండ్రి సంగతి కదిపితే సాయిదీప్ విసుక్కున్నాడు. గల్లా ముందు మనుషులు నిలబడి ఉండగానే బాపు చాయపత్తి పొట్లాల మెరుపు కాగితంతో పిట్టలు మడిచేవాడట. అగ్గిపెట్టెలకు సోడా మూతలు చక్రాలుగా పెట్టి ఎడ్లబండ్లు కట్టేవాడట. బిస్కెట్ కోసం వచ్చిన పిల్లలు బండి తయారయ్యేదాకా కదిలేవారు కాదట.

"మా దుకాణం అంగన్‌వాడీ లెక్క ఉండేదన్నా," అన్నాడు. చక్కెర ప్యాకెట్ చేతికిస్తూ గొంతు తగ్గించాడు. "ఆ పొలం ఎందుకు కొన్నడో మాకే తెల్వది. నీకేమన్న తెలిస్తే జర చెప్పు."

కన్న కొడుక్కే చెప్పలేదంటే లోపల ఎంత పెద్ద సంగతి ఉండాలి అనుకుంటూ ప్రభాకర్ ఇల్లు చేరాడు.

వినాయక చవితి వెళ్లిన వారానికి కంచె మీద ఎర్ర గుడ్డ పేలికలు కనిపించాయి. వరుసగా ఐదు కాయలకు, ఒక్కోదాని నడుముకు ఒక్కో పేలిక బిగించి ఉంది. వెంచర్ వాళ్లు హద్దు కొలిచిన రోజు పుల్లలకు కట్టిన గుడ్డ రంగు కూడా ఇదే. మరునాడు ప్రభాకర్ స్కూటీ రాకముందే కొడవలి పట్టుకుని కంచె దగ్గరికి వెళ్లాడు.

ఒక్కొక్క కొమ్మా కోస్తే మళ్లీ చిగురిస్తుంది, మొదలే కోయాలి అనుకున్నాడు. తీగను చేత్తో పట్టుకుని మొదలు వెతుక్కుంటూ పోయాడు. తీగ కంచె దిగి అవతలి నేల మీద పాకుతూ వెళ్లింది. అతను కంచె దాటి అడుగు పెట్టాడు, ఇంకో అడుగు వేశాడు. ఏడడుగులు పోయాక, గుండ్రంగా శుభ్రంగా తవ్విన పాదులో, సాయంత్రం పోసిన నీళ్ల తడి ఆరని మట్టిలో మొదలు దొరికింది. ఒక్క వేటుకు తెగింది. వెనక్కి తిరిగితే, తన చెప్పుల గుర్తులు కంచె నుంచి పాదు దాకా లోతుగా పడి ఉన్నాయి. జానెడు నేల కోసం కాపలా కాసిన మనిషి ఏడడుగులు పరాయి పొలంలో నిలబడి ఉన్నాడు. సేటు తన పాదును హద్దుకు అంత దూరంగా పెట్టుకున్నాడు. తీగే తనంతట తాను వచ్చింది.

అప్పుడే స్కూటీ ఆగింది. సేటు వచ్చి పాదు చూశాడు, గుర్తులు చూశాడు, కొడవలి చూశాడు.

"ఈ నడుమ అడవి పందులు బాగైనయ్ పటేలా," అన్నాడు.

ఆ మాటకు సిగ్గుపడాల్సింది పోయి ప్రభాకర్ ఇంకో ఆలోచనలో పడ్డాడు. మంచిగా మాట్లాడి రేపు కేసు పెడతాడేమో. నోటుబుక్కు ఇటివ్వమని చెయ్యి చాపాడు. సేటు సంకోచిస్తూనే ఇచ్చాడు.

పేజీకి ఒక సొరకాయ బొమ్మ. పెన్సిలుతో గీసినవి, బడిపిల్లలు గీసినట్టు, ఒక్కోదానికి కళ్లూ ముక్కూ ఉన్నాయి. కింద నడుము కొలత, తడితే వినిపించిన చప్పుడు. ఒకదానికి అచ్చం ప్రభాకర్‌కున్నట్టే గుబురు మీసాలున్నాయి. దాని కింద రాసి ఉంది: 'పటేల్. ఇంక పచ్చిగనే ఉన్నడు. తట్టితే పలుకడు.'

ప్రభాకర్ అన్ని పేజీలూ తిప్పాడు. సర్వే నంబరు ఎక్కడా లేదు. అట్ట లోపలి వైపు కూడా చూశాడు.

సేటు చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పటి నుంచీ ఒక తంబుర తన చేతులతో చేయాలని కోరిక అని, చేదు సొర బుర్ర గట్టిగా ఉంటుందని, దానికి పురుగు పట్టదని చెప్పాడు. గుడ్డ బిగిస్తే కాయకు అక్కడ సన్నటి నడుము వస్తుందట. సోమవారం భజనలో దేవుడి ముందు ఆ తంబుర మీటాలని ఆశ. అరవై ఎనిమిదేళ్ల వయసులో ఇదేం పిచ్చి అని కొడుకు నవ్వుతాడని ఇంట్లో చెప్పలేదు. ముదిరిన కాయలు రెండున్నాయి, అవి చాలునని, మిగతావి ఎండి ముడుచుకుపోతాయని అన్నాడు.

"పంది గాదు సేటు. నేనే కోసిన."

"ఎరుకే పటేలా. పందులు చెప్పులు తొడుక్కోవు గద."

ప్రభాకర్ ఆ ఏడడుగుల నేల మీదే కూలబడి, పడమటి గోడ సంగతి మొదటినుంచీ చెప్పాడు. పూలమొక్కలు, తండ్రి పోసిన నీళ్లు, కడీలు, గోడ. వింటున్నకొద్దీ సేటు ముఖం మారుతూ వచ్చింది. విన్నంతా విని లేచి, తనతో రమ్మని పొలం అవతలి కొసకు తీసుకెళ్లాడు. అక్కడ కొత్తగా నాలుగు కడీలు పాతి ఉన్నాయి. మేకల మనుషులెవరో పాతుకున్నారని తను అనుకున్నాడట. మొన్న కారులో ఇద్దరు వచ్చి సొరకాయలను తెగ మెచ్చుకున్నారట. సంతోషం పట్టలేక వాళ్లకు సర్వపిండి పెట్టి పంపాడట.

ప్రభాకర్ గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి, కడీల వరుసను పాత హద్దురాయితో కలిపి చూశాడు. కడీలు మూరెడు ఇవతలికి ఉన్నాయి. ఆ మాటే చెప్పాడు.

సేటు కడీల దిక్కు, అతని దిక్కు మార్చి మార్చి చూశాడు. తర్వాత చేతులు కట్టుకుని, మొదటిసారిగా అడిగాడు.

"నాకు అనుమానం పుట్టదు పటేలా, ఎంత ఆలోచన చేసినా. నీది పదును చూపు. జర నా దిక్కు గట్టు మీద గూడ నువ్వే అనుమానపడరాదు?"