బియ్యంలో మగ్గేసిన ఆపిల్ పళ్ళు

నా చిన్నప్పుడు మా సాలూరులో ఆపిల్ పండుని తినడానికని ఎవరూ కొనేవారు కాదు. ఒంట్లో బాగోలేని మనిషిని చూడ్డానికి వెళ్లేటప్పుడు కొనేవారు. అందులోనూ ఒక వరస ఉండేది. మామూలు జ్వరమైతే బ్రెడ్డు, కాస్త గట్టి జ్వరమైతే బత్తాయిలు. ఆపిల్ పండు పట్టుకెళ్లారంటే మాత్రం ఆ మంచం చుట్టూ అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నారని అర్థం. నేను మొదటిసారి ఆ పండుని చూసింది, విశాఖపట్నం ఆసుపత్రి నుంచి ఇంక లాభం లేదని ఇంటికి పంపేసిన ఒక ముసలాయన తలగడ పక్కన. ఎర్రగా నిగనిగలాడుతూ ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. అందుకే మా వీధి పిల్లలకి ఆపిల్ అంటే నోరూరేది కాదు, లోపల కొంచెం గుబులుగా ఉండేది.

ఒక ఏడు వానలు వెనకబట్టే రోజుల్లో మా నాన్నమ్మకి చలిజ్వరం పట్టుకుంది. పది రోజులు వణికించి వదిలింది. ఇక భయం లేదు, కడుపునిండా తిని బలం తెచ్చుకుంటే చాలన్నారు డాక్టరుగారు. ఆ మాట ఆయన నవ్వుతూ చెప్పడమే మా నాన్నమ్మకి నచ్చలేదు. ఆవిడ ఎవరినీ తేలిగ్గా నమ్మే మనిషి కాదు. పాలు పోయించుకుంటే బొటనవేలి గోటి మీద చుక్క వేసి, జారుతుందా నిలుస్తుందా అని చూసేది. వంకాయ కొంటే తొడిమ ఎత్తి చూసేది. డాక్టరుగారు వీధి గుమ్మం దాటగానే, "అంత నవ్వేటి ఆయనకి?" అంది.

మా నాన్నా, చిన్నాన్నా ఇద్దరూ లారీల మీద పనిచేసేవారు. నాన్న అప్పుడు ఊళ్ళో లేరు. ఢిల్లీ దాకా లోడు వేసుకెళ్ళిన చిన్నాన్న మాత్రం ఒకరోజు పొద్దున్నే దిగాడు. చంకలో తువ్వాలు మూట ఉంది. నాన్నమ్మ పడుకున్న వసారాలోంచి గబగబా దాటుకుని వంటింట్లోకి వచ్చి మూట విప్పాడు. కాగితాల్లో చుట్టిన ఆరు ఆపిల్ పళ్ళు. వాళ్ళమ్మకి నోటికి రుచి తగులుతుందని అంత దూరం నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. మేము కాగితాలు విప్పి తెల్లబోయాం. ఒక్కటీ ఎర్రగా లేదు. అన్నీ పసుపుపచ్చగా ఉన్నాయి, ఒళ్ళంతా నువ్వుగింజ పొట్టు చల్లినట్టు సన్నటి చుక్కలు.

"ఏటయ్యా ఇవి? పచ్చికాయలు అంటగట్టేసినారు నీకు," అంది అమ్మ.

"పచ్చివి కాదొదినా. కొత్త రకమట. గోల్డెన్ అంటారట. ఇయి ఎర్రబడవట."

"ఎర్రబడని ఆపిల్ ఎక్కడైనా ఉంటాదేటి? ఆడు సెప్పినాడు, నువ్వు నమ్మినావు!"

చిన్నాన్న ఒక పండు తిప్పి తిప్పి చూశాడు. ఆయనకీ అనుమానం వచ్చేసింది.

కాయ పచ్చిగా ఉంటే మా ఇంట్లో ఏం చేస్తారు? మామిడికాయలైతే వరిగడ్డిలో వేస్తారు, సీతాఫలాలైతే బియ్యంలో కప్పెడతారు. అమ్మ ఆ ఆరింటినీ బియ్యం డబ్బాలో సీతాఫలాలని పెట్టినట్టే పెట్టి, మూత బిగించి, పైన తిరగలి రాయి పెట్టింది. మగ్గేసిన పండుని మాటిమాటికీ తీసి చూడకూడదు, దాని పేరు కూడా ఎత్తకూడదు, ఎత్తితే గిడసబారిపోతుందని మాకు పట్టింపు. అందుకని అమ్మ నన్ను దగ్గరికి పిలిచి, నాలుగు రోజుల్లో ఎర్రగా పండాక నాన్నమ్మకి ఇద్దామనీ, అంతవరకూ అడిగితే ఏమీ లేదని చెప్పాలనీ గట్టిగా చెప్పింది. నాకు అప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. పెద్దవాళ్ళ రహస్యంలో నాకూ చోటిచ్చారని గొప్పగా అనిపించింది.

వసారాలోకి రాగానే నాన్నమ్మ అడిగింది. "ఏటే తెచ్చినాడు మీ సిన్నాన్న?"

"ఏటీ లేదు నాన్నమ్మా."

"ఆ మూటేటి మరి?"

"మాసిన బట్టలు."

ఆ రెండో మాట ఎవరూ నేర్పలేదు, నా సొంతం. నాన్నమ్మ నా ముఖంలోకి చాలాసేపు చూసి అటు తిరిగి పడుకుంది.

మేము ఎంత దాచినా లారీ క్లీనరు నోరు ఊరుకుంటుందా? సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. పక్కింటి అక్క వచ్చి మంచం పక్కన కూర్చుని, నాన్నమ్మ చెయ్యి పట్టుకుని, "ఆపిల్ పళ్ళు తెచ్చినారట గదా పెద్దమ్మా. డాక్టరుగారు ఏటన్నారేటి?" అని మెల్లగా అడిగింది. వంటింట్లోంచి అమ్మ, "ఏటీ అన్లేదు! బాగానే ఉన్నాదన్నారు!" అని అవసరానికి మించి గట్టిగా అరిచింది. నాన్నమ్మ కళ్ళు అక్క ముఖం మీంచి వంటింటి గుమ్మం మీదకి, అక్కడ నిలబడ్డ నా మీదకి వచ్చి ఆగాయి.

అక్కడినుంచి మా ఇల్లు పోలీసు స్టేషనయిపోయింది. నాన్నమ్మ చిన్నాన్నని ఒంటరిగా పిలిచి అడిగింది, అమ్మని అడిగింది, నన్ను మళ్ళీ అడిగింది. ఆపిల్ పళ్ళెక్కడ, ఎందుకు తెచ్చినట్టు, తెస్తే ఎందుకు దాచినట్టు, తనకి ఏం రోగం? అందరం ఏటీ లేదనే అన్నాం. అంతా విని ఆవిడ తేల్చుకున్నదేమిటంటే, "మనిషికో రకంగా సెప్తే ఎవుడో ఒకడు నిజం సెప్తన్నాడనుకోవచ్చు. ముగ్గురూ ఒకే మాట సెప్తన్నారంటే కూడబలుక్కున్నారనే."

రెండో రోజు పొద్దున్న అమ్మ గంజి కాచి తెచ్చింది. నాన్నమ్మ గ్లాసు నోటి దాకా తీసుకెళ్ళి ఆగిపోయింది. "ఏటీ వాసన?"

వాసన నిజమే. మూసిన డబ్బాలో ఆ పళ్ళు మగ్గి మగ్గి బియ్యానికంతా వాసన పట్టించేశాయి. పువ్వు వాసనా కాదు, పండు వాసనా కాదన్నట్టు తియ్యగా, గాఢంగా ఉంది. అమ్మకీ తగిలింది. కంగారులో మళ్ళీ ఆ మాటే అంది, "ఏటీ లేదత్తా."

నాన్నమ్మ గ్లాసు కింద పెట్టేసింది. "మందు కలిపి పోస్తన్నారు నాకు. ఆసుపత్రి మందుకి ఇలాటి వాసనే వస్తాది."

అంతే. ఆ పూట నుంచి ఆవిడ మా ఇంటి తిండి ముట్టలేదు. నేను తన కళ్ళెదురుగా కుండలోంచి ముంచి ఇచ్చిన మంచినీళ్ళు తప్ప ఏమీ లేదు. మర్నాడు కూడా అలాగే గడిచింది. పది రోజుల జ్వరంలోంచి లేచిన మనిషి, ఒంట్లో ఏముంటుంది? మంచం మీంచి లేవలేకపోయేది. అమ్మని పిలిచి, తనని సాగనంపేటప్పుడు ఏ చీర కట్టాలో చెప్పింది. చెవులకున్న దుద్దులు నాకు ఇమ్మంది. చిన్నాన్న ఏడుస్తూ, పళ్ళు తీసి ఇచ్చేద్దాం వదినా అన్నాడు. ఇప్పుడు గనక ఇస్తే నిజంగానే పోతున్నానని ఖాయం చేసుకుంటుందని అమ్మ భయం. ఇస్తే ఒక బాధ, ఇవ్వకపోతే ఒక బాధ. వాళ్ళిద్దరూ వంటింట్లో గుసగుసలాడుకుంటుంటే నాకే అనుమానం మొదలైంది. నాన్నమ్మకి నిజంగానే ఏదో ఉందేమో, నాకు కూడా చెప్పకుండా దాస్తున్నారేమో అని గుమ్మం చాటున నిలబడి వినేదాన్ని.

ఆ మర్నాడు మధ్యాహ్నం ఉప్పుమళ్ళకి పేరున్న నౌపడ నుంచి మా అమ్మమ్మ దిగింది. వియ్యపురాలికి జ్వరమని తెలిసి, రైలూ బస్సూ మారి, చంకలో ఉప్పు మూటతో వచ్చింది. వాళ్ళ ఊరి ఉప్పు తప్ప ఇంకో ఉప్పు ఆవిడకి ఆనదు. మా అమ్మమ్మకీ నాన్నమ్మకీ ప్రేమ లేకపోలేదు గానీ, ఒకరు అవునన్నది ఇంకొకరు కాదనకుండా పూట గడిచేది కాదు. అమ్మ కళ్ళు ఒత్తుకుంటూ జరిగిందంతా చెప్పింది. అమ్మమ్మ అంతా విని లేచింది. కాళ్ళు కడుక్కుని, తిరగలి రాయి పక్కకి నెట్టి, బియ్యంలో చెయ్యి పెట్టి ఒక పండు తీసింది. అది ఎర్రబడలేదు. పసుపు ఇంకా చిక్కబడి, తొక్క చాలాసేపు నీళ్ళలో నానిన వేళ్ళలాగా సన్నగా ముడతలు పడింది. ఇల్లంతా వాసన.

అమ్మమ్మ ఆ పండూ, కత్తీ, ఇంత ఉప్పూ పట్టుకెళ్ళి నాన్నమ్మ మంచం ఎదురుగా నేల మీద చతికిలబడింది. ఎలా ఉన్నావని కూడా అడగలేదు. ముక్క కోసి, ఉప్పుకి అద్ది, నోట్లో వేసుకుంది.

"తినడం మానేసినావట ఏటొదినా?"

"నాకు రోజులు దగ్గర పడ్డాయి. నువ్వూ కడసారి సూసెళ్దామనే వచ్చినావు గదా."

అబ్బే, అలాంటిదేమీ లేదు అంటుందనుకున్నాను. అందరం అన్న మాట అదే కదా. అమ్మమ్మ ఇంకో ముక్క కోసుకుంది. "ఏమో మరి. నానేటి డాక్టర్నా? నాకేటి తెలుస్తాది."

నాన్నమ్మ తల కొద్దిగా ఇటు తిరిగింది. మూడు రోజుల్లో ఆవిడకి ఎదురైన మొదటి కొత్త జవాబు అది.

"అయినా ఇది తినే పండు కాదులే," అంది అమ్మమ్మ ముఖం వికారంగా పెట్టి. "వట్టి సప్పిడి. ఉడకేసిన బంగాళాదుంపలాగున్నాది. మీ సిన్నోడు మోసపోయినాడు పాపం." అంటూ మూడో ముక్క, నాలుగో ముక్క.

"సప్పిడైతే అలగ బేగి బేగి మింగుతున్నావేటి?"

"పారేస్తే పాపం గదా అని."

"పాపానికి తినే మొకం కాదది. ఇలా తే ఒక ముక్క."

"వొద్దొదినా, నీకు బాగోదు. నాను కానిచ్చేస్తాన్లే."

అంతే. లేవలేని మనిషి మోచెయ్యి ఊని లేచి అమ్మమ్మ చేతిలోంచి ముక్క లాక్కుంది. మొదట వాసన చూసింది. గంజిలో వాసన ఇదేనని ఆవిడకి తెలిసిపోయింది. అమ్మ కేసి చూసింది. గుమ్మంలో నిలబడ్డ అమ్మ ఇక ఆగలేక, పచ్చికాయలనుకున్నదీ, బియ్యంలో పెట్టిందీ, పేరెత్తకూడదని దాచిందీ ఒక్క ఊపిరిలో చెప్పేసింది. నాన్నమ్మ వింటూనే ముక్క నోట్లో వేసుకుంది. ఎడమవైపు పళ్ళు లేవు, కుడివైపుకి తోసుకుని మెల్లగా నమిలింది. మేమంతా ఆ దవడ కేసి చూస్తూ నిలబడ్డాం.

"ఓలమ్మ, దీన్ని సప్పిడంటాదేటి! అబద్దాలకోరుదానా! పనసతొన తేనెలో ముంచినట్టున్నాది గదే! మొత్తం నువ్వే మెక్కేద్దామని!"

అమ్మమ్మ కిందకి చూసుకుంటూ నవ్వు దాచుకుంది. మిగిలిన పండంతా నాన్నమ్మే తింది. నాకూ ఒక ముక్క పెట్టింది. ఆ రుచి నాకు ఇప్పటికీ తెలుసు. తొక్క ఉల్లిపొరలాగా పల్చన, పంటికి అడ్డం రాలేదు. ముందు తీపి తగిలింది, ఆ వెనకే నాలిక అంచుల్లో చిన్న పులుపు, మింగాక ముక్కులోంచి వాసన వచ్చింది. నౌపడ ఉప్పు ఆ తీపిని ఇంకాస్త పైకెత్తింది. తరవాత తరవాత ఎర్రవి కూడా తిన్నాను. వాటి అందం తొక్కలోనే, లోపల కొన్నిసార్లు పిండి. ఇప్పుడు మా బజారులో పళ్ళకి నుదుట చీటీలు అంటించి అమ్ముతున్నారు, రోజుకో కొత్త రకం. కొరికితే చెరుకు విరిచినట్టు చప్పుడు, నోటినిండా రసం, కోసి గంట ఉంచినా నల్లబడదు. రుచి బాగుందనే చెప్పాలి. కానీ నల్లబడని పండుని నమ్మాలా వద్దా అని నేను దాన్ని ఇంకా వెలుతురులో తిప్పి చూస్తూనే ఉంటాను. ఆ గుణం మా నాన్నమ్మది, నాకూ వచ్చింది.

ఆ సాయంత్రమే నాన్నమ్మ గంజి తెమ్మని అడిగి, వాసన చూసి, గ్లాసు ఖాళీ చేసింది. వారం తిరిగేసరికి లేచి కూర్చుని నాకు జడ వేయగలిగింది. అలా జడ వేస్తున్నప్పుడే నేను అడిగాను, డాక్టరు చెప్పినా, అమ్మ చెప్పినా అన్ని రోజులు ఎందుకు నమ్మలేదని. ఆవిడ చేతులు ఆగలేదు.

"ఆళ్ళు సెప్తే నాకు అనుమానమే గానీ బయం లేదే. నువ్వు సెప్పినావు సూడు, ఏటీ లేదు, మాసిన బట్టలని. నువ్వు నాతోటి ఎప్పుడూ అబద్దం ఆడవు గదా. ఈ గుంట సేత కూడా ఆడించినారంటే నాకు నిజంగా రోజులు మూడినాయని అప్పుడు ఖాయం సేసుకున్నాను."

తిట్టలేదు. పాయలు బిగించి, రిబ్బను ముడి వేసి, వెళ్ళి ఆడుకోమంది. నేను ఆడుకోలేదు.

ఆ తరవాత చాలా మంచాల పక్కన కూర్చున్నాను. నాన్నమ్మ వెళ్ళిపోయింది, అమ్మ వెళ్ళిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఏమీ లేదు, ఏమీ లేదు అంటూ ఉంటే నాకు మాత్రం ఆ మాట నోట్లోంచి వచ్చేది కాదు. మొన్న మా ఇంటాయనకి బాగోలేనప్పుడు చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆపిల్ పళ్ళు తెచ్చారు. వాళ్ళు వెళ్ళాక ఆయన ఆ సంచీ కేసి చూసి, "డాక్టరు ఏటన్నాడు?" అని అడిగారు. పిల్లలు తలలు దించుకున్నారు. నాకు అర్థమైనంత మటుకు, డాక్టరు చెప్పింది చెప్పినట్టు చెప్పాను. ఆయన సంచీ వైపు చెయ్యి చూపించి, "అయితే ఆ పండొకటి కొయ్యి," అన్నారు. కోశాను. మొదటి ముక్క నేను తిని, కొంచెం పులుపుంది గానీ బాగుందన్నాను. నమ్మారు.