మామ పెన్ను లోపలి ఫోటో

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నలభై ఏళ్లు దాటింది, ఒక మనిషి బతుకు చెడగొట్టి ఏమీ ఎరగనట్టు తిరుగుతున్నాను. నా భార్యకు చెప్పలేదు. దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా ఇదొక్కటీ దాటేసి మిగతావి చెప్పుకున్నాను.

డెబ్బైల చివర్లో నంద్యాలలో ఒక సర్కారు ఆఫీసులో ఫోటోలు తీసేవాణ్ణి. పత్తి ఆకులు, జొన్న కంకులు, తెగులు పట్టినవి, పట్టనివి. అందుకోసం అప్పుడప్పుడు ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ము వచ్చేది. కంటికి కనిపించని వెలుగును పట్టే ఫిల్ము అది. దానితో తీస్తే బాగున్న ఆకు సున్నం కొట్టినట్టు తెల్లగా వస్తుంది. కొన్ని రకాల నల్ల పెన్నులను తీస్తే పైతొడుగు పొగలా పలచబడి లోపలి సామాను కనిపిస్తుందని ఏదో పత్రికలో చదివాను. చదివి ఊరుకున్నానా? కనిపించిన వాళ్లందరికీ చెప్పాను.

మా మేనమామది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. ఆయన దగ్గర తాత కాలం నాటి, విదేశంలో చేసిన నల్ల సీమ పెన్ను ఉండేది. వెనక మర తిప్పితే ఇంకు పీల్చుకునేది. పాళీ అరిగితే ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర పెన్నులు బాగుచేసే జయరాజుకు ఇచ్చాడు. పాళీ బాగైంది గానీ మర తిప్పితే ఇంకు ఎక్కడం మానేసింది. లోపల ఇంకును లాగే బెండు బిరడా ఎండిపోయిందని, విప్పితే పాత తొడుగు పగులుతుందని జయరాజు చెప్పాడు. మామ నమ్మలేదు. లోపలి సీమ సామాను తీసుకుని రబ్బరు ట్యూబు పెట్టాడని పట్టుబట్టాడు. పెన్ను పగలకుండా లోపల ఏముందో నేను చూపిస్తానని పదిమందిలో అన్నాను. ఎవరూ నన్ను అడగలేదు.

ఆ ఫిల్మును చిమ్మచీకట్లోనే కెమెరాలోకి ఎక్కించాలి. ఫిల్ము డబ్బా మూతి దగ్గరుండే గుడ్డ మామూలు వెలుగును ఆపుతుంది, కంటికి కనిపించని ఈ వెలుగును ఆపదు. నాకు తెలుసు. తెలిసీ, మామ పక్కన నిలబడి చూస్తున్నాడని, గొప్పకు పోయి పట్టపగలు వరండాలోనే ఎక్కించాను. ముందు మామ పెన్నును తీశాను. ఆయన పెన్ను జేబులో పెట్టుకుని ఊరికి వెళ్లిపోయాడు. రీలు మిగిలింది కదా అని నా పెన్నునూ తీశాను. అదీ నల్లదే. మన దగ్గర తయారైంది, లోపల రబ్బరు ట్యూబు.

కడిగి చూస్తే మామ పెన్ను బొమ్మలన్నీ వెలుగు తగిలి మాడిపోయాయి. రీలు లోపలి చుట్టల్లో ఉన్న చివరివే బతికాయి. నా పెన్ను. పొగలాంటి తొడుగు, అందులో నిక్షేపంగా ట్యూబు.

ఇంకో ఫిల్ము లేదు. అసలు ఆ ఫిల్మే నాది కాదు. పాడైందని ఒక్క మాట అంటే ఏమయ్యేది? నవ్వేవాళ్లు, నాలుగు రోజులు. అంతే కదా. ఆ నవ్వును తట్టుకోలేక, మామ వచ్చి చెయ్యి చాపితే నా పెన్ను ఫోటో ఆయన చేతిలో పెట్టాను. నోటితో ఏ అబద్ధమూ చెప్పలేదని చాలా ఏళ్లు నన్ను నేనే సమర్థించుకున్నాను.

మామ ఆ ఫోటోను ఆళ్లగడ్డ టీ కొట్లన్నిటిలో తిప్పాడు. నెల తిరక్కుండానే జయరాజు నంద్యాల వచ్చాడు. ఉతికిన చొక్కా, చేతిలో సంచి. ఆఫీసు గేటు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఒకటే అడుగుతానప్పా. ఆ ఫోటోలో ఉండేది మీ మామ పెన్నేనా?"

"ఆ, అదే."

"నేను ఆ పెన్ను ఎనకపక్క ఇప్పనే ఇప్పలేదు. ట్యూబు యాడిదప్పా? బడి పంతుళ్లు గూడా పెన్నులియ్యడం మానేసినారు. చర్చిలో గూడా పక్కన కూర్చోడం లేదు."

"ఫోటో అబద్ధం చెప్తాదా?"

సంచి భుజాన వేసుకున్నాడు. "ఫోటో చెప్పదులేప్పా" అని వెళ్లిపోయాడు.

అతనికి తెలిసిపోయిందా? తెలిసే ఉంటుంది. అయితే ఎవరికి చెప్పుకుంటాడు, చెప్పినా ఎవరు నమ్ముతారు? బస్టాండు దగ్గరి తన బల్ల ఎత్తేశాడు. బేతంచెర్లలో బండలు పాలిషు పట్టే పనికి పోయాడని విన్నాను. వెంట్రుకవాసి పనులు చేసిన చేతులు. నంద్యాల నుంచి ఎంత దూరమని? బస్సెక్కితే పూటలో వెళ్లి రావచ్చు. ఆరేళ్లలో ఒక్కసారీ ఎక్కలేదు. ఆ దుమ్ముకు దగ్గు పట్టి అతను అక్కడే పోయాడు.

అతను పోయిన మరుసటేడు, ఎనభైల నడుమ, మామ పెన్ను గచ్చు మీద పడి పగిలింది. ముక్కలు గుడ్డలో కట్టుకుని మామ మా ఇంటికి వచ్చాడు. లోపల సీమ సామాను చెక్కుచెదరకుండా ఉంది. బెండు ఎండి పిడచకట్టి ఉంది. జయరాజు చెప్పినట్టే, అక్షరాలా. ఇక దాగదనుకున్నాను. నిజం చెప్పాలంటే, దాగకూడదనే కోరుకున్నాను.

మామ నవ్వాడు. "సూసినావా అల్లుడా వాని తెలివి! నీ ఫోటోకు భయపడి, మా ఇంట్లోనోళ్లను ఎవుర్నో పట్టుకోని మల్ల యాడిది ఆడ పెట్టిచ్చినాడు దొంగనాయాలు."

ఆ ముక్కలు కూడా అతన్ని దొంగనే చేశాయి. నా ఫోటో మీద మామకు అంత నమ్మకం. నేనేమన్నానో తెలుసా?

"అట్లే ఉంటాది మామా" అన్నాను.

మామ ఇప్పుడు లేడు. ఆళ్లగడ్డలో అతని పేరు ఎత్తేవాళ్లు ఇంకా ఒకరిద్దరు మిగిలారు, ఎత్తితే దొంగ జయరాజు అనే అంటారు. అతని పిల్లలు ఎక్కడున్నారో నాకు తెలియదు. వెతకలేదు. ఇప్పుడు మీకు చెప్పినంత మాత్రాన ఏదీ మారదని తెలుసు.

ఆ ఫోటో నా పెన్నుది. జయరాజు ఏమీ తీసుకోలేదు. ఈ రెండు మాటలు రాసేసరికి ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అతనికి ఆ మాత్రం ఊపిరి కూడా ఆడనివ్వలేదు నేను.